ఇంటిల్లిపాదీ చూసిన సీరియల్

"ఒక్క రోజు కూడా చూడలేదు వదినా. కావాలంటే మా ఆఫీస్‌లో బ్యాడ్జ్ రికార్డ్ తీయించి చూసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటకి నేనెప్పుడూ లాస్ కొలీనాస్ బ్యాంకులో నా డెస్క్ దగ్గరే ఉంటాను. ఇవాళంటే సెలవు పెట్టాను."

ఈ మాట చెప్పి శ్రీవల్లి తన కాఫీ కప్పు సింక్‌లో పెట్టింది. ఆ గొంతులో కోపం లేదు. ఆడపడుచు మొహం పాలిపోతుంటే చూడడంలో ఉండే సుఖం మాత్రం ఉంది. దాన్ని దాచుకోవాలని కూడా ఆమె అనుకోలేదు.

జాహ్నవి డైనింగ్ టేబుల్ మీద మోచేతులు ఆనించి కూర్చుంది. లాస్ ఏంజిలిస్‌లో మొదటి ఫ్లైట్ పట్టుకుని టెక్సస్‌లోని ఇర్వింగ్ వచ్చిన మనిషి. సూట్‌కేస్ ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. తమ్ముడింట్లో కాలు పెట్టి ఎంత కాలమైందో ఆమెకే గుర్తులేదు. మొన్న వీడియో కాల్‌లో, మాట్లాడుతున్న తల్లి వెనకాల, టీవీ కింద వరసగా వెలుగుతున్న పచ్చలైట్లు కనిపించకపోతే ఇప్పుడైనా వచ్చేది కాదు.

ఆ లైట్లు ఒక నల్లపెట్టెవి. దేశంలో ఎవరు ఏ కార్యక్రమం చూస్తున్నారో లెక్కగట్టే కంపెనీ ఒకటుంది. ఆ కంపెనీవాళ్ళు కొన్ని ఇళ్ళు ఏరుకుని పెట్టే పెట్టె అది. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో లైటు. టీవీ ముందు కూర్చున్నవాళ్ళు రిమోట్‌తో ఎవరి లైటు వాళ్ళు వెలిగించుకోవాలి, లేచేటప్పుడు ఆర్పుకోవాలి.

ఉమామహేశ్వరి మాత్రం రోజూ తనతోపాటు కోడలు శ్రీవల్లిది కూడా వెలిగించేది. ఈ వారం నుంచి కొడుకు కిరణ్‌కుమార్‌ది కూడా.

"అమ్మా, ఎందుకు నొక్కావ్?"

"వచ్చిన దగ్గర్నించీ అదే ప్రశ్న. చెప్పానుగా," అంది ఉమామహేశ్వరి. కిచెన్ కౌంటర్ దగ్గర నిలబడి దొండకాయలు తరుగుతోంది.

"మళ్ళీ చెప్పు."

"అక్కడెవడో కూర్చుని రాసుకుంటుంటాడు కదే. ఇంత ఇంట్లో పట్టపగలు ముసల్ది ఒక్కత్తే కూర్చుని టీవీ చూస్తోందని తెలిస్తే ఏమనుకుంటాడు? కొడుకూ కోడలూ గాలికొదిలేశారనుకోడూ? మనింటి సంగతి వాడికెందుకు? అందరం కలిసి కూర్చున్నట్టు నొక్కాను. ఎవరి కొంప మునిగింది?"

"నాది," అంది జాహ్నవి.

ఉమామహేశ్వరి చాకు ఆపలేదు.

కొంప మునగడమంటే ఏమిటో ఆ ఇంట్లో జాహ్నవికి ఒక్కదానికే తెలుసు. పెద్ద టీవీ నెట్‌వర్క్‌లో మధ్యాహ్నం సీరియళ్ళ విభాగానికి ఆమె వైస్ ప్రెసిడెంట్. ఆ విభాగంలో మిగిలింది ఒక్కటే, 'హాల్‌స్టన్ హైట్స్'. ఎప్పటినుంచో నడుస్తున్న పాత ఇంగ్లీషు సీరియల్, అందులో ఒక ఇండియన్ అత్తాకోడళ్ళ కథ కూడా ఉంది. దాన్ని విడవకుండా చూసేది అరవై దాటిన ఆడవాళ్ళు. అరవై దాటినవాళ్ళు స్పాన్సర్ల లెక్కలోకి రారు. వాళ్ళు సబ్బు మార్చరు, సూపు మార్చరు, కాబట్టి వాళ్ళు ఏడ్చినా నవ్వినా ఒకటే. నిరుడు ఆ సీరియల్ మూసేద్దామనుకున్నారు. మూసెయ్యాల్సిన మనిషి కూడా జాహ్నవే.

అప్పుడు లెక్కల్లో ఒక చిన్న మెరుపు కనిపించింది. టెక్సస్ వైపు, పిల్లల్లేని, చదువుకున్న ఇండియన్ కోడలు ఒకామె రోజూ ఒంటిగంటకి, ఒక్క ఎపిసోడ్ కూడా తప్పకుండా చూస్తోంది. ఇండియన్ ఇళ్ళలో ఆ పెట్టెలున్నవి మరీ తక్కువ. అందుకని ఒక్క ఇంట్లో వెలిగిన లైటు ఎన్నో వేల ఇళ్ళకి సాక్ష్యమైపోయింది. జాహ్నవి ఆ లైటుకి ఒక పేరు పెట్టింది, ప్రియ. ప్రియకి ఒక జీవితం ఇచ్చింది. ప్రియని సబ్బుల కంపెనీవాళ్ళ ముందు తెరమీద నిలబెట్టింది. సీరియల్ బతికింది. వచ్చే నెల జాహ్నవికి ఇంకా పెద్ద కుర్చీ ఇస్తామన్నారు.

"ఆ ప్రియ సంగతి నాకూ చెప్పండి వదినా," అంది శ్రీవల్లి ఎదురుగా కూర్చుంటూ. "ఎంతైనా నేనే కదా ఆవిడ."

"వద్దులే."

"చెప్పండి. ఏం చేస్తుంది రోజంతా?"

ల్యాప్‌టాప్ ఆమె ముందే తెరిచి ఉంది. శ్రీవల్లి చెయ్యి చాపి దాన్ని తనవైపు తిప్పుకుంది. పసుపు కుర్తీ వేసుకున్న అమ్మాయి బొమ్మ. కిటికీ దగ్గర నిలబడి బట్టలు మడతపెడుతోంది. శ్రీవల్లి కింద ఉన్న ఇంగ్లీషంతా పైకి చదివి, ఆగి ఆగి తెలుగులో చెప్పింది.

"డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. మొగుడు బిజీ. ఇంట్లో అత్తగారు. ఎవరితోనూ చెప్పుకోలేదు. మధ్యాహ్నం వాషర్‌లో బట్టలేసి, సీరియల్ చూస్తూ ఏడుస్తుంది." తలెత్తింది. "బావుంది. నేను మేనేజర్‌ని వదినా. నా కింద టీమ్ ఉంది. నా మీద ఇలాంటి కథలా?"

"అది నువ్వని నాకు తెలియదు."

"తెలిసుంటే మార్చేవారా?"

జాహ్నవి అబద్ధం చెబుదామనుకుంది. ఓపిక లేకపోయింది.

"మార్చేదాన్ని కాదు," అంది. "ఉద్యోగం చేసేదాన్ని చూపిస్తే మధ్యాహ్నం ఇంట్లో ఎందుకుందని అడుగుతారు."

శ్రీవల్లి ల్యాప్‌టాప్ మూసింది.

ఇవాళ ఇంట్లోంచే పనిచేస్తున్న కిరణ్‌కుమార్ పైన గదిలో ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాడు. తల్లీ అక్కా పెళ్ళామూ ఒక చోట చేరినప్పుడల్లా అతనికి మీటింగులు ఎక్కువవుతాయి. మెట్ల మలుపు దాకా దిగి, "అక్కా, కొంచెం మెల్లగా. క్లయింట్ కాల్‌లో ఉన్నా," అని మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు.

అంతలో టేబుల్ మీద జాహ్నవి ఫోన్ మోగింది. పేరు చూడగానే ఆమె వీపు నిటారుగా అయింది. చెవిలో పెట్టుకునేవి సూట్‌కేస్‌లోనే ఉండిపోయాయి. ఒక చేత్తో నోట్స్ వెతుక్కుంటూ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. ఇంట్లోవాళ్ళకి నోటిమీద వేలు పెట్టి చూపించింది.

మార్షా గొంతు వంటింటిదాకా గలగలా వినిపించింది. సబ్బుల కంపెనీ తరఫున 'హాల్‌స్టన్ హైట్స్' కథలో వేలు పెట్టే అధికారం ఆవిడదే.

"జాహ్నవీ డియర్! మన ప్రియ ఈ వారం మొగుణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుంది, చూశావా? నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సరే, విషయానికొస్తా. ఆ ముసలావిడ పాత్ర ఉందే, ఇండియన్ అత్తగారు, ఆవిణ్ణి చంపేద్దాం."

"చంపడమా?" జాహ్నవి గొంతు సర్దుకుంది. "ఆవిడకి చాలా ఉత్తరాలొస్తున్నాయి మార్షా."

"ఎవరు రాస్తున్నారు? ముసలాళ్ళు. వాళ్ళు మనకెందుకు? ప్రియ సంతోషిస్తుంది. ప్రియ రోజూ మనసులో అనుకునేది అదే కదా. రేటింగులు లెక్కగట్టే నెల రాకముందే అయిపోవాలి. మెట్లమీంచి పడితే చాలు, ఆస్పత్రి సెట్ వెయ్యక్కర్లేదు. కోడలు ఆవిడ చీర ఉతికి మడతపెడుతూ ఏడుస్తుంది. అక్కడ మా సబ్బుపొడి డబ్బా బాగా కనపడాలి. సాయంత్రానికి నాలుగు లైన్లు పంపు."

ఫోన్ పెట్టేసింది.

ఉమామహేశ్వరి తరిగిన దొండకాయ ముక్కలు గిన్నెలోకి తోసింది. ఇంగ్లీషు ఆవిడకి మాట్లాడ్డం రాదు గాని, ఆ సీరియల్ చూసి చూసి అర్థమవడం మాత్రం బాగా వచ్చింది.

"నన్నెప్పుడు చంపుతారట?" అంది.

"నిన్ను కాదమ్మా. అది పాత్ర."

"ఆవిడంటే నాకిష్టం. కోడలు ఎన్నిమాటలన్నా ఒక్క మాట బదులు చెప్పదు. ఆవిడకోసమే చూస్తాను." కాస్త ఆగి అంది, "చంపితే నేనిక చూడను. అప్పుడేం చేస్తారు?"

శ్రీవల్లి పకపకా నవ్వింది. చాలాసేపు నవ్వింది. జాహ్నవికి ఆ నవ్వు చెంప మీద కొట్టినట్టుంది. తన ఉద్యోగం, తన పేరు, ప్రియ అనే పసుపు కుర్తీ పిల్ల, అన్నీ దొండకాయలు తరిగే ఒక ముసలావిడ బొటనవేలి మీద నిలబడి ఉన్నాయని ఆమెకి అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"వినండి," అంది గడియారం చూస్తూ. "ఒంటిగంటకి వస్తానని ఆ కంపెనీ మనిషి మీకు ఫోన్ చేసిందిగా. అనుమానం వచ్చే వస్తోంది. తేలిందంటే పెట్టె తీసేస్తారు, ఈ ఇంటి లెక్కలన్నీ కొట్టేస్తారు. సీరియల్ పోతుంది. అంతకంటే ఘోరం, నెట్‌వర్క్ ఆఫీసర్ తల్లి ఇంట్లోనే దొంగ లైట్లు వెలిగాయని బయటపడుతుంది. నేనే చేయించానంటారు. ఈ దేశంలో నన్ను ఇంకో స్టూడియో గడప తొక్కనివ్వరు."

"ఆ పెట్టె పెట్టేటప్పుడు అడగలేదా వాళ్ళు?" అంది శ్రీవల్లి. "మీ వాళ్ళెవరైనా టీవీలో పనిచేస్తున్నారా అని?"

"అడిగారు," అంది ఉమామహేశ్వరి. "ఎవరూ లేరన్నాను."

జాహ్నవి తల తిప్పింది. "నేనో?"

"నువ్వు మా ఇంట్లో మనిషివెలా అవుతావే? పెళ్ళైపోయింది. ఇంటిపేరు మారింది, గోత్రం మారింది. వాళ్ళడిగింది మా కుటుంబం సంగతి. కొడుకుది కంప్యూటర్లు, కోడలిది బ్యాంకు అని చెప్పాను. తప్పా?"

అందులో ఆవిడకి తప్పేం కనపడలేదు. నిజంగానే కనపడలేదు. పండక్కి బట్టలు పెట్టేటప్పుడు కూతురు కూతురే. ఇంట్లో మనుషుల్ని లెక్కబెట్టేటప్పుడు మాత్రం వేరే ఇంటి మనిషి. ఆవిడ తల్లీ అలాగే లెక్కబెట్టింది, అత్తగారూ అలాగే లెక్కబెట్టింది.

జాహ్నవి టీవీ కింది పెట్టెవైపు చూసింది. ఒక్క రోజు కూడా ఆ సోఫాలో కూర్చోని కోడలి లైటు రోజూ వెలిగింది. తను తీసిన సీరియల్ తల్లి రోజూ చూస్తోంది, చివర్లో గబగబా జారిపోయే పేర్లలో తన పేరుంటుంది. ఆ పేరు మాత్రం ఈ ఇంట్లో లేదు. చిన్నపిల్లలా ఏడవాలనిపించింది. ఏడిస్తే టైం పోతుందని ఏడవలేదు.

"సరే. ఇవాళ కూడా అదే చెప్పు," అంది. "కూతురు లేదని చెప్పు."

ఉమామహేశ్వరి చాకు కింద పెట్టింది.

"అదేం మాటే? అప్పుడు లెక్క తెలియక అన్నాను. ఇప్పుడు నువ్వు ఎదురుగా కూర్చునుంటే, బతికున్న పిల్లని లేదని నా నోటితో ఎలా అనను?"

"అనాలి."

"జానూ..."

"అమ్మా, సెంటిమెంట్లు తర్వాత. ఒక్క మాట. నో అంటే చాలు."

తల్లి కూతురివైపు చూస్తూ ఉండిపోయింది. జాహ్నవి అప్పటికే మరదలివైపు తిరిగింది.

"శ్రీవల్లీ, నువ్వు కూడా రోజూ చూస్తున్నానని చెప్పాలి. ఫోన్‌లో చూస్తా, ఇంట్లోంచి పనిచేస్తా, ఏదో ఒకటి. ప్లీజ్."

"చెప్తాను," అంది శ్రీవల్లి. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని జాహ్నవి అనుకోలేదు. "బదులుగా మీరు అత్తయ్యగార్ని తీసుకెళ్ళండి. ఇవాళే. మీతో పాటు."



"మామయ్యగారు పోయినప్పట్నించీ మా దగ్గరే ఉన్నారు. మీరు ఒక్క నెల తీసుకెళ్ళారా? ఎప్పుడడిగినా షూటింగ్, మీటింగ్, సీజన్. నేనేం ప్రియని కాదు, మూలకూర్చుని ఏడవడానికి. అడిగేస్తాను. తీసుకెళ్ళండి, మీకోసం ఎంత అబద్ధమైనా చెప్తాను."

"నా ముందే అంటున్నావేమిటమ్మా?" అంది ఉమామహేశ్వరి.

"వెనకాల అంటే బావుంటుందా అత్తయ్యా?"

ఇద్దరూ జాహ్నవివైపు చూశారు. తల్లి కళ్ళల్లో ఒక్క క్షణం ఆశ మెరిసింది. బట్టలు సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుందో మనసులో అనుకుంటున్న మనిషి చూపు అది. వెళ్ళాలనే ఉంది ఆవిడకి. ఎవరూ రమ్మనలేదు, అంతే.

"కుదరదు," అంది జాహ్నవి.

"ఎందుకు?"

"అమ్మ ఇక్కడే ఉండాలి. నాతో వచ్చేస్తే ఇక్కడ టీవీ ఎవరు పెడతారు? లైట్లు ఎవరు వెలిగిస్తారు? కనీసం నా ప్రమోషన్ అయ్యేదాకా ఈ ఇంట్లో, ఆ సోఫాలో, ఒంటిగంటకి అమ్మ ఉండి తీరాలి."

చెప్పేశాక తను ఏమన్నదో ఆమెకే వినపడింది. వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఇంకేదో చెప్పాలి, చెప్పడానికి ఏమీ లేదు.

ఉమామహేశ్వరి కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. మొహంలో ఏమీ కనపడలేదు. సీరియల్‌లో ఆ అత్తగారు ఉన్నట్టే ఉంది.

"అంటే, నేను ఒంటరిగా కూర్చోవడమే నీకు కావాలి," అంది.

జాహ్నవి జవాబు చెప్పేలోపు డోర్ బెల్ మోగింది.

కిరణ్‌కుమార్ మీటింగ్ మ్యూట్‌లో పెట్టి పరుగున దిగి వచ్చి తలుపు తీశాడు. కంపెనీ మనిషి పేరు డెనీస్. నెరిసిన జుట్టు, చేతిలో టాబ్లెట్, మొహం నిండా నవ్వు. బూట్లు విప్పమని ఎవరూ అడక్కుండానే విప్పింది. సోఫాలో సర్దుకుని కూర్చుని, ఇది మామూలు తనిఖీయే, భయపడాల్సిందేమీ లేదంది. టీవీ ఎప్పటిలాగే పెట్టమంది.

ఉమామహేశ్వరి టీవీ పెట్టింది. నల్లపెట్టె మీద ఎర్రగా అక్షరాలు మెరిశాయి. ఎవరెవరు చూస్తున్నారని ఆ పెట్టె అడిగింది.

ఆవిడ రిమోట్ తీసుకుని తన లైటు వెలిగించింది. బొటనవేలు రెండో బటన్ మీదికి వెళ్ళి ఆగిపోయింది.

"మీ కోడలు రోజూ చూస్తుందా మేడమ్?" అడిగింది డెనీస్.

శ్రీవల్లి ఆడపడుచు మొహంలోకి చూసింది. ఆఖరిసారి అడుగుతున్నట్టుగా చూసింది. జాహ్నవి కళ్ళు దించుకుంది.

శ్రీవల్లి నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. ఒక్కో ఇంగ్లీషు మాటా వెతుక్కుని మరీ చెప్పింది.

"నో. డాటర్-ఇన్-లా ఆఫీస్. సన్ ఆఫీస్. ఓన్లీ మీ. ఆల్ బటన్స్, ఐ ప్రెస్. మై మిస్టేక్. ఎవ్రీ డే, ఓన్లీ మీ."

డెనీస్ నవ్వు తగ్గింది. టాబ్లెట్ మీద రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ గీతలతో పాటు పసుపు కుర్తీ పిల్ల చచ్చిపోయింది, సీరియల్ చచ్చిపోయింది. జాహ్నవి టేబుల్ అంచు గట్టిగా పట్టుకుంది.

"నిజం చెప్పినందుకు థాంక్స్," అంది డెనీస్. "ఇంకొక్క ప్రశ్న, ఇది అందరినీ అడుగుతాం. మీ కుటుంబంలో ఎవరైనా టెలివిజన్‌లో పనిచేస్తున్నారా?"

కిరణ్‌కుమార్ నేలచూపులు చూశాడు. ఈ ఒక్క జవాబుతో జాహ్నవి పేరు ఉంటుందో పోతుందో తేలిపోతుంది.

"నో," అంది ఉమామహేశ్వరి. "ఐ హావ్ వన్ సన్. దట్సాల్."

"మరి ఈవిడ?"

ఉమామహేశ్వరి కూతురివైపు చూడలేదు.

"గెస్ట్," అంది.

అడిగినదంతా ఇచ్చింది తల్లి. నో అనమంది, అంది. కూతురు లేదని చెప్పమంది, చెప్పింది. జాహ్నవి పేరు నిలబడింది. పొద్దుట్నించీ ఆమె దేనికోసం అందరినీ పీడించిందో అది దొరికింది. అమ్మా అని పిలుద్దామనుకుంది. పిలిస్తే డెనీస్ వింటుంది.

టీవీలో 'హాల్‌స్టన్ హైట్స్' సంగీతం మొదలైంది. డెనీస్ మర్యాదగా గుర్తుచేసింది, గదిలో అతిథులుంటే వాళ్ళని కూడా పెట్టెలో ఎక్కించాలని, ఆడో మగో, వయసెంతో చెప్తే చాలని.

ఉమామహేశ్వరి చివరి బటన్ నొక్కింది. వరస చివరన, అంతవరకూ ఎప్పుడూ వెలగని లైటు ఒకటి మినుకుమనడం మొదలుపెట్టింది. ఆవిడ రిమోట్ పట్టుకుని జాహ్నవివైపు తిరిగింది. పొరుగింటినుంచి పనిమీద వచ్చినవాళ్ళతో మాట్లాడేటప్పటి గొంతుతో, మెల్లగా అడిగింది.

"మీ వయసెంతండీ?"

జాహ్నవి తల్లి చేతిలోని రిమోట్‌వైపు చూసింది. శ్రీవల్లి టేబుల్ దగ్గర్నుంచి లేచి నిలబడింది. డెనీస్ టాబ్లెట్ మీద వేలు పెట్టి, జవాబు కోసం ఎదురుచూస్తోంది.